మసి వెనుక ముఖము

మా కపిలేశ్వరపురం గౌతమి ఒడ్డున ఉన్నది. మన రేవులో పారే ఈ గోదావరి పైన బొగ్గు గనుల సీమను దాటి వస్తుందని ఒకనాడు యౌవనస్థుల కూటములో చెప్పాను. “అయితే ఆ గనులు చూచి ఫోటోలు తీసుకొందాం, అయ్యగారూ” అన్నారు పిల్లలు. దేవుని కృపవలన పదిమందిమి బయలుదేరాము.

రాజమండ్రిలో రైలెక్కి విజయవాడ, ఖమ్మం మీదుగా డోర్నకల్ చేరాము. 1912లో బిషప్‌గా అభిషేకింపబడిన అజరయ్యగారి సమాధిని దర్శించి, ప్రార్థన చేసికొని, బస్సులో ఇల్లెందు వెళ్లాము. అక్కడివారు ఈ ఊరిని బొగ్గుట్ట అని కూడా అంటారు.

ఇల్లెందు సమీపాన బొగ్గున్నదని 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కనుగొన్నారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు పొందగా, 1889లో త్రవ్వకం ఆరంభమైంది. దగ్గరి పల్లె పేరుతో 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది.

స్థానిక సంఘ పెద్ద ఒకరు మాకు పాత గనుల చోట్లు చూపించారు. ఆయన ముప్పై ఏండ్లు గనిలో తట్ట, చెమ్మస్ పట్టి టబ్బులు నింపినవారు. లోపల ఫోటో తీయవచ్చునా అని పిల్లలు అడిగారు. ఆయన నవ్వి, “బాయిల గ్యాసుంటది బిడ్డా. అగ్గిపెట్టె, బీడీ, సెల్‌ఫోను ఏదీ పోనియ్యరు. దిగేముందు జేబులు తడుముతరు” అన్నారు. మీథేన్ వాయువు చేరినచోట ఒక్క నిప్పురవ్వ చాలునట.

అప్పుడు నేనొక తప్పు చేశాను. “పెద్దయ్యా, ముఖానికి కొంచెం బొగ్గుపొడి రాసుకొని నిలబడితే ఫోటో బాగుంటుంది” అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “అయ్యగారూ, బాయిల నుంచి పైకొచ్చినంక మొదట కడుక్కున్నది మొకమే. నా పిల్లలకు ఆ మసి మొకం ఎన్నడూ చూపియ్యలే. ఇప్పుడెందుకు పూసుకోవాలె?” అన్నారు.

సిగ్గుతో నా తల వంగింది. క్షమించమని అడిగాను. ఆయన నా చేయి పట్టుకొని తమ ఇంటికి తీసికొనిపోయారు. తెల్లచొక్కా తొడుగుకొని, భార్య ప్రక్కన కూర్చుండి, బైబిలు ఒడిలో పెట్టుకొని, “ఇప్పుడు తియ్యుండ్రి” అన్నారు. మేము తీసిన వాటిలో మంచి ఫోటో అదే. ఊరికి రాగానే పెద్దది వేయించి పంపాము.

భక్తుడైన సమూయేలు సహితము యెష్షయి పెద్దకుమారుని రూపము చూచి పొరబడెను గదా! మనమును పనివాని బట్టల మురికిని చూచి, వాని మనస్సును చూడము. ఆ బొగ్గు థర్మల్ కేంద్రాలలో మండి విద్యుత్తు అవుతుంది. ఈ రాత్రి మీ ఇంట దీపము వేసినప్పుడు, భూమి లోపల చీకటిలో షిఫ్టు చేయుచున్న తండ్రులను, వారికొరకు మేలుకొనియున్న కుటుంబములను మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకము చేయండి.