పడుగు ఒకటి, పేక మరొకటి

మదరసాలో సర్ఫ్, నహ్వ్ బోధించేవారు యుద్ధవిమానాల గురించి రాయడమేమిటని కొందరు పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. మాకు ఈ ఆసక్తి ముప్ఫై ఏళ్లుగా ఉంది. మా స్వస్థలం పెనుకొండ, బోధించేది హిందూపురంలో. ధర్మవరం నుండి బెంగుళూరుకు పోయే రైలు మార్గం ఈ రెండు ఊళ్లనూ దాటి, దొడ్డబళ్లాపురం మీదుగా యలహంక చేరుతుంది. అక్కడ వాయుసేన స్థావరం ఉంది. బండి ఆ ప్రాంతానికి రాగానే కిటికీ పక్కకు జరిగి ఆకాశం చూడడం మా అలవాటు.

విమానాల మాట వస్తే మన సభలలో అబ్దుల్ కలాం గారి పేరు తప్పక వినిపిస్తుంది. వారు బెంగుళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారంలో శిక్షణార్థిగా ఇంజన్ల పని నేర్చుకున్నారు. అయితే 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ ఆ సంస్థను స్థాపించేనాటికి మైసూరు సంస్థానానికి దివాన్‌గా ఉండి, ప్రభుత్వం తరఫున భూమినీ పెట్టుబడినీ సమకూర్చినవారు సర్ మీర్జా ఇస్మాయిల్. ఈ పేరును మన పిల్లలలో ఎంతమంది విన్నారు?

ఆ కర్మాగారంలో తయారైన మారుత్ అంటే మాకు ప్రత్యేకమైన అభిమానం. రెండవ ప్రపంచయుద్ధంలో ఫాక్‌వుల్ఫ్ 190ను రూపొందించిన జర్మన్ నిపుణుడు కుర్ట్ టాంక్ 1956లో భారతదేశానికి వచ్చారు. ధ్వనికి రెండింతల వేగంతో పోగల యుద్ధవిమానాన్ని నిర్మించడం ఆయనకు అప్పగించిన పని. ఆయన బృందం మొదట అదే పరిమాణంలో, ఇంజను లేని చెక్క విమానాన్ని తయారుచేసింది. 1959లో డకోటా విమానం దానిని తాడుతో పైకి లాక్కుపోయి వదిలిపెట్టేది. అది గాలిలో జారుతూ దిగేటప్పుడు రెక్క ఎలా నిలుస్తుందో, తోక ఎలా స్పందిస్తుందో పైలట్ గమనించేవాడు. ఇంజను జోలికి పోకముందే గాలితో పరిచయం చేసుకోవడమన్నమాట. అక్షరాల మఖారిజ్ సరిదిద్దకుండా తజ్వీద్ పాఠంలో ముందుకు పోని ఉస్తాదులకు ఈ పద్ధతి నచ్చకుండా ఉండదు.

1961 జూన్ 17న సురంజన్ దాస్ అసలు విమానాన్ని నడిపారు. చిక్కు ఇంజను దగ్గర వచ్చింది. టాంక్ నమ్ముకున్న ఆర్ఫియస్ 12 అనే బ్రిటిష్ ఇంజను ఎనిమిది వేల పౌండ్లకు పైబడిన తోపుడు శక్తి ఇవ్వవలసి ఉంది. దాని అభివృద్ధికి అక్కడ నిధులు ఆగిపోయాయి. ఆ ఖర్చును మన ప్రభుత్వమూ భరించలేదు. చివరకు 4,850 పౌండ్ల ఆర్ఫియస్ 703 ఇంజన్లు రెండింటిని అమర్చారు. శరీరం ధ్వనికి రెండింతల వేగానికి, బలం ధ్వని వేగం దరిదాపులకు! ఇంజను వెనుక గొట్టంలో అదనంగా ఇంధనం మండించి బలం పెంచే ప్రయత్నాలు కూడా జరిగాయి. ఆ రోజుల్లోనే, 1970 జనవరి 10న, మారుత్ ప్రమాదంలో దాస్ మరణించారు.

మరో ప్రయత్నం ఈజిప్టులో జరిగింది. కైరో సమీపంలోని హెల్వాన్‌లో ఒక యుద్ధవిమానాన్ని, దానికి ఈ-300 అనే ఇంజనును రూపొందిస్తున్నారు. 1964లో ఆ విమానాన్ని మొదట గాలిలోకి తీసుకుపోయిన పైలట్ మన దేశస్థుడు కపిల్ భార్గవ. ఆ ఇంజనును పరీక్షించడానికి ఇక్కడి నుండి ఒక మారుత్ అక్కడికి వెళ్లింది. వారి దగ్గర ఇంజను, మన దగ్గర శరీరం. కానీ 1967 యుద్ధం తరువాత ఆ పథకం నిలవలేదు. చదివిన ప్రతిసారీ మాకు బాధ కలిగించే ఘట్టం ఇది.

బలం తక్కువైనా మారుత్ నేలకు దగ్గరగా నిలకడగా ఎగిరేది. 1971లో ఒక ఇంజను దెబ్బతిన్నా రెండవదానితో స్థావరానికి చేరిన సందర్భాలున్నాయి. మొత్తం 147 నిర్మించారు. 1990 నాటికి సేవ నుండి తొలగించారు.

నిరుడు ఐదుగురు విద్యార్థులను బెంగుళూరులోని హెచ్‌ఏఎల్ మ్యూజియంకు తీసుకుపోయి మారుత్‌ను చూపించాము. వారిలో ఒకడు ధర్మవరం నేతకారుని కుమారుడు. తండ్రి కూడా వెంట వచ్చాడు. ఇంజను సంగతి మేము వివరించగా ఆయన రెక్క వైపు చాలాసేపు చూసి, "పడుగు ఒక చీరకు వేసి, పేక ఇంకో చీరది ఇచ్చారన్నమాట, హజ్రత్" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా మేము చదివినదంతా ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

ఆ పిల్లవాడు విమానాల మెకానిక్ కావాలని పట్టుబట్టాడు. హిఫ్జ్‌లో ఇంకా ఏడు పారాలు మిగిలి ఉన్నాయి. ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి రాయాలి. అతని తల్లి మా ఇంటికి వచ్చి, తలుపు చాటు నుండి మా ఇంటివారితో చెప్పించారు: "మనుషులను చంపే యంత్రం మీద నా బిడ్డకు ప్రేమ పుట్టిస్తున్నారా, హజ్రత్?"

ఆ ప్రశ్నను తేలికగా తీసుకోలేము. ఇనుములో భీకరమైన శక్తీ, ప్రజలకు ప్రయోజనాలూ ఉన్నాయని సూరా హదీద్ తెలుపుతుంది. మొదటిదానిని దాచి రెండవదానినే పిల్లలకు బోధించడం మాకు ఇష్టం లేదు. మారుత్ బాంబులు వేసింది, అవి పడినచోట మనుషులున్నారు. యుద్ధంలో ఇరువైపులా తల్లులు బిడ్డలను పోగొట్టుకున్నారు. మ్యూజియంలో ఈ మాట కూడా పిల్లలకు చెప్పామని ఆమెకు తెలియజేశాము. రెక్క కొలతను మెచ్చుకున్నంత మాత్రాన బాంబును మెచ్చుకున్నట్లు కాదు. అయినా ఈ రెండింటి నడుమ గీత ఎప్పుడూ స్పష్టంగా కనిపించదని కూడా అన్నాము.

ఆమె పూర్తిగా సమాధానపడలేదు. కొంత సేపటికి, ప్రయాణికుల విమానాలకు కూడా మెకానిక్‌లు కావాలి కదా అని అడిగించారు. కావాలని, ఇంజను సూత్రం అక్కడా ఇదేనని చెప్పాము.

"అట్లయితే షాబాన్ లోగా పారాలు ముగించమనండి. లెక్కలకు ఎవరి దగ్గరికి పంపాలో మీరే చెప్పండి" అన్నారు.