బెజవాడ రేడియో యంగళ్లు

మొన్న మాఘమున మా యత్తగారితో గూడ బెజవాడ గవర్నరుపేట వీథులలో సంచరించితిని. 1938 జూన్ 16వ తేదీన చెన్నపురిలోను, 1948 డిసెంబరు 1వ తేదీన బెజవాడలోను రేడియో కేంద్రములు వెలసినవి. పిమ్మటను చాలకాలము రేడియో కొనగల గృహములు కొన్నియే; తక్కినవారికి అంగడి ముంగిలియే శ్రవణమందిరము. లోని గాజువాల్వులు వేడెక్కినగాని పలుకు వెలువడదు. అంతదాక జనులు మౌనముగా వేచియుండెడివారట.

మా యత్తగారికి బాల్యమున వీథిని నిలుచుట కనుజ్ఞ లేదు. ఎదుటి యరుగుపై స్తంభము చాటున గూర్చుండి కీర్తనలు వినిరి. అంగడి మూసినచో చరణము సగములోనే నిలిచిపోయెడిది.

ఆ యరుగున్నచోట నేడు చరవాణుల దుకాణము గలదు. వారు దానియెదుట నిలిచి కూనిరాగము దీసి, సగము చరణముకడ నాగిరి. "తక్కినది నాకు రాదమ్మా!" యనిరి.

ఇంటికి వచ్చి చరవాణిలో వినిపించితిని. డెబ్బదియేండ్ల ప్రాయమున నా చరణమును నేర్చుకొనుచున్నారు.