సైలెంట్ వ్యాలీ: ఆనకట్ట ఆగిన చోటు

కేరళ రాష్ట్రంలోని పాలక్కాడ్ జిల్లాలో, నీలగిరుల నైరుతి కొసన సుమారు 90 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యం ఉంది. స్థానికులు దీనిని సైరంధ్రీ వనమని పిలుస్తారు. విరాటుని కొలువులో ద్రౌపది ధరించిన నామం అడవికి, పాండవమాత నామం దాని గుండా పారే కుంతిపుళ నదికి దక్కాయి. అడవుల్లో సాధారణమైన కీటకాల రొద ఇక్కడ వినిపించనందున ఆంగ్లేయులు 'సైలెంట్ వ్యాలీ' అన్నారని ప్రతీతి.

మన్నార్‌క్కాడ్ మీదుగా ముక్కాలి చేరుకున్నాము. అక్కడి నుండి సైరంధ్రి వరకు 23 కిలోమీటర్లు అటవీశాఖ అనుమతించిన జీపులోనే ప్రయాణించాలి. లోనికి సాగేకొద్దీ ఎండ పలచబడింది. ఎవరూ నాటని మహావృక్షాలు వేళ్ళను గోడలవలె నిలుపుకొని, మానులపై నాచును, సీతాకోకచిలుకల వంటి పూల ఆర్కిడ్లను మోస్తున్నాయి.

వీటిలో ముఖ్యమైనది కల్లేనియా, మలయాళంలో వెడిప్లావు. ముళ్ళతో నిండిన దీని కాయలోని గింజలు, కొమ్మలకు అంటిపెట్టుకొని పూచే పూలు సింహపు తోక కోతులకు ప్రధానాహారం. నల్లని దేహం, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు గల ఈ వానరాలు ప్రపంచంలో పశ్చిమ కనుమలలో తప్ప మరెక్కడా లేవు. అవి నేలకు దిగడం అరుదు. కొమ్మల మీదుగానే సంచరిస్తాయి. కనుక చెట్ల వరుస తెగితే వాటి బ్రతుకు తెగినట్లే. మార్గదర్శి చూపిన దిక్కున చిటారు కొమ్మలు కదలగా, రెండు నల్లని ఆకారాలు క్షణకాలం కనిపించి మాయమయ్యాయి.

సైరంధ్రి వద్ద కావలి గోపురమెక్కి చూస్తే, లోతున ఇరుకు లోయలో కుంతిపుళ మెరిసింది. ఈ చోటనే 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రానికి ఆనకట్ట కట్టదలచారు. 1973లో ప్రణాళికా సంఘం అనుమతినిచ్చింది. మలబారు ప్రాంతపు విద్యుత్ కొరత నిజమే. అయితే కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, పక్షిశాస్త్రవేత్త సలీం అలీ, కవయిత్రి సుగతకుమారి మొదలైనవారు అడవి పక్షాన నిలిచారు. ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన సంఘం పరిశీలించిన పిమ్మట, 1983లో పథకం విరమించబడింది. 1984లో జాతీయోద్యానమైన ఈ వనాన్ని 1985 సెప్టెంబరు 7న ప్రధాని రాజీవ్ గాంధీ ప్రారంభించారు. 2012లో పశ్చిమ కనుమల భాగంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఉత్పత్తి లక్ష్యాల నడుమ జీవించే మనకు 120 మెగావాట్ల విలువ తెలియనిది కాదు. విద్యుత్తుకు వేరొక నది, వేరొక ఇంధనం వెతకవచ్చు. ఈ చెట్టుకు, ఈ కోతికి వేరొక చోటు లేదు. డిసెంబరు నుండి మార్చి వరకు సందర్శనకు అనుకూలం. వానాకాలం జలగల బెడద ఎక్కువ. అవకాశమున్న సోదర ఉద్యోగులు సకుటుంబంగా తప్పక దర్శించవలెనని మా మనవి.