ఇనుము కోసం తెరిచిన తలుపు

అర్జెంటీనాలోని పంపా మైదానాల్లో మొక్కజొన్న కోతలంటే కూలీలకు చేతినిండా పని. 1950ల్లో ఆ కోతల వెంటే ఓ వింత జ్వరం కూడా రావడం మొదలైంది. ముందు ఒళ్లునొప్పులు, నీరసం... మామూలు ఫ్లూ అనుకునేవారు. వారం తిరిగేసరికి చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద ఎర్రటి మచ్చలు, కొందరికి వణుకు, మతి తప్పడం. సరైన చికిత్స అందకపోతే నూటికి 15 నుంచి 30 మంది ప్రాణాలు పోయేవి. పంట కోశాక చేలో మిగిలే మోళ్ల పేరు మీద అక్కడివాళ్లు దాన్ని 'మోళ్ల జబ్బు' అన్నారు. 1958లో దానికి కారణమైన వైరస్ దొరికింది. హునిన్ అనే ఊరి పేరే దానికీ పెట్టారు.

వైరస్ సొంతిల్లు పొలాల్లో తిరిగే ఓ చిట్టెలుక. దాని మూత్రం, లాలాజలం కలిసిన దుమ్ము పీలిస్తే మనిషికి అంటుకుంటుంది. ఒంట్లోకి వచ్చాక అది కణంలోకి ఎలా దూరుతుందన్నది మాత్రం 2007 దాకా తేలలేదు. హార్వర్డ్ వైద్య కళాశాల పరిశోధకులు తేల్చాక చూస్తే, అది కన్నం వేసే దొంగ కాదు. కణం మూసుకోవడానికి వీల్లేని తలుపును చూసి పెట్టుకున్న దొంగ!

కణానికి ఇనుము కావాలి. చకచకా విభజన చెందే కణానికి మరీను. రక్తంలో ఇనుమును మోసుకొచ్చే బండి ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్. దాన్ని అందుకోవడానికి కణం పైన ఓ రిసెప్టర్ కాచుకుని ఉంటుంది. సరుకు చేతికి తగిలాక అక్కడి పొర లోపలికి గుంతపడి, చిన్న సంచిలా మూసుకుని లోపలికి పోతుంది. సంచిలో ఆమ్లం పెరుగుతుంది. ఆ పులుపుకు ఇనుము ఊడి వస్తుంది. ఖాళీ బండితో సహా రిసెప్టర్ మళ్లీ పైకి చేరుతుంది.

హునిన్ పట్టుకునేది సరిగ్గా ఈ రిసెప్టర్‌నే. అదీ ట్రాన్స్‌ఫెరిన్ కూర్చునే చోట కాదు, ఇంకో కొసన. ఇనుముతో సీటు కోసం పోట్లాటే లేదు! సంచిలోకి చేరాక, ఇనుమును దింపే పులుపే వైరస్‌కూ తాళంచెవి అవుతుంది. దాని పై ప్రొటీన్ ఆకారం మార్చుకుని వైరస్ పొరను సంచి పొరతో కలిపేస్తుంది. జన్యుపదార్థం కణంలోకి జారిపోతుంది. బొలీవియాలో ఇలాంటి జ్వరమే తెచ్చిన మచుపో వైరస్‌దీ ఇదే దారి.

ప్రయోగశాలలో కణాలకు ఇనుము తగ్గిస్తే ఈ వైరస్‌లు ఇంకా ఎక్కువగా దూరాయి. ఆకలేసిన కణం ఎక్కువ రిసెప్టర్లను పైకి పంపుతుంది మరి. అలాగని ఐరన్ మాత్రలు వేసుకుంటే జ్వరం రాదని ఎవరైనా అంటే నమ్మాల్సిన పనిలేదు. గిన్నెలో పెంచిన కణాలు వేరు, మనిషి వేరు.

అసలు భయపెట్టే సంగతి మరొకటి. మనిషికి హాని చేయని వైరస్‌లూ ఈ కుటుంబంలో ఉన్నాయి. తమ జంతువుల్లో అవీ ఈ రిసెప్టర్‌నే పట్టుకుంటాయి. మనిషి రిసెప్టర్ ఆకారంలోని కాస్త తేడాయే వాటిని గడప బయట ఆపింది. ఆ తేడా ఎంత? అందులో కొద్దిపాటి అమైనో ఆమ్లాలు మారిస్తే ప్రయోగశాలలో వాటికీ తలుపు తెరుచుకుంది.

తలుపు మూయలేం. మరి వైరస్ చేతులు కట్టేస్తే? ఈ సంగతులేవీ తెలియని రోజుల్లోనే అర్జెంటీనా డాక్టర్ హూలియో మైస్తెగి ఆ పని చేసి చూపించారు. జబ్బు నుంచి కోలుకున్నవాళ్ల ప్లాస్మాను రోగులకు ఎక్కించారు. 1979లో వచ్చిన ఫలితాలివి: మామూలు ప్లాస్మా ఎక్కించినవాళ్లలో 16.5 శాతం మంది చనిపోతే, కోలుకున్నవాళ్ల ప్లాస్మా అందినవాళ్లలో దాదాపు ఒక్క శాతమే. ఆ తర్వాత టీకా వచ్చింది. 6,500 మంది మగవాళ్ల మీద జరిగిన పరీక్షలో 23 మందికి జబ్బు వస్తే, వాళ్లలో టీకా పడినవాడు ఒకే ఒక్కడు. ఇలా టీకా తీసుకున్న మనిషి నుంచి తీసిన యాంటీబాడీలను 2018లో పరిశీలిస్తే, వైరస్ ఏ భాగంతో రిసెప్టర్‌ను పట్టుకుంటుందో సరిగ్గా అక్కడే అవి అతుక్కుంటున్నాయని తేలింది.

ఇందులో ఓ చిక్కుంది. ప్లాస్మా జ్వరం మొదలైన ఎనిమిది రోజుల్లోపే ఎక్కించాలి. అదిచ్చేది జబ్బు పడి లేచినవాళ్లు. టీకా పుణ్యమా అని అలాంటివాళ్లు తగ్గిపోయారు. అందుకే ప్లాస్మా దాతల బదులు ల్యాబులో తయారుచేసిన యాంటీబాడీల వైపు చూస్తున్నారు పరిశోధకులు.