పాతాళభైరవి: బొమ్మ పోయిన తరువాతి కథ

జానపద చిత్రాలను పిల్లల కాలక్షేపంగా తీసిపారవేసే పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. వారితో నాకు పేచీ ఉన్నది. ఆ పేచీకి నాకు ఆధారం “పాతాళభైరవి”.

1951 మార్చి 15న విడుదలైన ఈ విజయావారి చిత్రానికి దర్శకుడు కదిరి వెంకటరెడ్డిగారు తాడిపత్రిలో పుట్టినవారు. నిర్మాతలలో ఒకరైన నాగిరెడ్డిగారిది కడప జిల్లా పొట్టిపాడు. కాబట్టి చిప్పగిరి వంటి మారుమూలన ఉన్న మావంటివారు కూడా ఇది మన సీమవారి సొత్తని కొంత గర్వపడటం సహజమే. అయితే నా అభిమానానికి కారణం అది కాదు.

అద్భుతరసానికి స్థాయీభావం విస్మయమని ఆలంకారికులు చెప్పారు. విస్మయం పుట్టడానికి ఎదుట వింత ఉంటే చాలదు. దానిని చూచి నివ్వెరపోయే సామాన్యుడొకడు కావాలి. తోటరాముడు అటువంటివాడు. తోటమాలి కొడుకు, పూరింట పెరిగినవాడు, ధైర్యం తప్ప వేరే ఆస్తి లేనివాడు. 2015 నాటి “బాహుబలి”లో కథానాయకుడే ఒక వింత. శివలింగాన్ని పెకలించి భుజానికెత్తుకొన్నవానికి లోకంలో ఇక ఆశ్చర్యపడవలసినదేమున్నది? అబ్బురపాటంతా చుట్టూ ఉన్నవారి వంతు. ఆ చిత్రపు వైభవాన్ని నేను కాదనను. కాని దానిని చూస్తున్నంతసేపూ నేను ప్రజలలో ఒకడిగా నిలబడి చూశాను. “పాతాళభైరవి”లో మాత్రం రామునితోపాటు గుహలోకి దిగాను.

ఇక భాష. రంగారావుగారి నేపాళ మాంత్రికుడు పలికిన ‘డింభక’ శబ్దం శుద్ధ సంస్కృతం. బాలుడని దాని అర్థం. నిఘంటువులో నిద్రపోతున్న ఆ మాటను పింగళి నాగేంద్రరావుగారు లేపి వీధిలోకి పంపారు. అర్థం తెలియని పిల్లవాడు కూడా దానిని సందర్భం తప్పకుండా వాడగలిగాడు. తరగతి గదిలో పర్యాయపదాలు వల్లెవేయించిన మావంటి పండితులకు ఇది ఒక పాఠమే.

అసలు విషయానికి వస్తాను. మా ప్రాంతానికి చేరువలోనే తుగ్గలి, జొన్నగిరి చేలున్నవి. తొలకరి వానకు మన్ను కొట్టుకుపోయి రాళ్ళు తేలగానే ఎక్కడెక్కడివారో వచ్చి, తలలు వంచుకొని వజ్రాలకోసం వెదుకుతారు. దొరికినవాని కథ ఊరూరా పాకుతుంది. ఉత్త చేతులతో తిరిగి వెళ్ళినవాని కథ ఎవరికీ పట్టదు. పాత కోటలున్నచోట గుప్తనిధుల మాట సరేసరి. వాటి ఆశతో గుళ్ళను త్రవ్వి పాడుచేసినవారూ ఉన్నారు. వానను నమ్మి వ్యవసాయం చేసేచోట, కోరగానే ఇచ్చే బొమ్మ ఒకటి ఎక్కడో ఉన్నదన్న ఊహ ఎంత బలమైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఊహను ఈ చిత్రం ఎగసన త్రోస్తున్నదని ఒక ఆక్షేపణ ఉన్నది. నిజమే, మొదటి భాగం అట్లే నడుస్తుంది. తనతో సమానమైన సంపద తెస్తేనే పిల్లనిస్తానన్న ఉజ్జయిని రాజు షరతు అన్యాయమని చిత్రం గట్టిగా అనదు. రాముడు మాంత్రికుని కపటాన్ని తెలుసుకొని, బలి కావలసిన తానే వానిని బలిచ్చి, ప్రతిమను సాధించి, మేడ లేపి షరతు తీరుస్తాడు. కథ అక్కడితో ముగిసి ఉంటే ఆక్షేపణకు నా వద్ద జవాబు లేదు.

కాని అక్కడ ముగియలేదు. శిష్యుడు సదాజపుని చలువతో మాంత్రికుడు మరల బ్రతుకుతాడు. రాజుగారి బావమరిది చేత ప్రతిమను దొంగిలింపజేస్తాడు. మేడా పోతుంది, రాకుమారీ పోతుంది. ఇక్కడ గమనించవలసినది ఆ బొమ్మ స్వభావం. అది యోగ్యుడెవడని అడుగదు. ఎవని చేత ఉంటే వానికే దాస్యం చేస్తుంది. నిన్న రామునికి మేడ కట్టినది నేడు దానినే ఊడబెరికి శత్రువుకు ఇస్తుంది. ధనానికి ఇంతకంటె నిర్మొహమాటమైన నిర్వచనాన్ని నేను చదువలేదు.

అప్పుడు రాముడు మరొక బొమ్మకోసం వెదుకడు. మిత్రుడు అంజితో కలిసి బయలుదేరుతాడు. మాంత్రికుని శక్తికి మూలమైన గడ్డాన్ని అంజి మాటల నేర్పుతో తీయించివేస్తాడు. మంత్రాన్ని గెలిచినది యుక్తి, దానికి తోడు స్నేహం. రాజు పెట్టిన పరీక్షలో రాముడు బొమ్మ సాయంతో గట్టెక్కాడు. ఎవరూ పెట్టని ఈ రెండవ పరీక్షలో బొమ్మ లేకుండానే నెగ్గాడు. అల్లుడు కాదగిన యోగ్యత అతనికి వచ్చినది ఈ రెండవసారి అని నా నిశ్చయం.

రాకుమారికి రక్షింపబడటమే తప్ప చేయవలసిన పని అంతగా లేకపోవడం ఈ చిత్రపు లోపమని ఒప్పుకొంటాను. ఆ ఒక్కటీ మినహాయిస్తే, పిల్లలకు చూపించి, చూచిన తరువాత వారితో కూర్చొని మాట్లాడదగిన చిత్రమిది. మేడ లేచిన ఘట్టం వారికి ఎట్లాగూ గుర్తుంటుంది. మేడ పోయిన మరునాడు రాముడేమి చేశాడని అడగవలసిన పని మాత్రం పెద్దలది.