మంచు వదిలిన ఊరు

సముద్రయానం అనగానే మనవాళ్ళకు పదంతస్తుల ఓడ, దానిమీద ఈతకొలను, పొద్దస్తమానం విందులు గుర్తుకొస్తాయి. 2023 జూన్‌లో నేనూ మా ఆవిడా ఎక్కిన ఓడ అలాంటిది కాదు. అరవైమందికి మించి పట్టరు. పడుకునే గది మన పాత హాస్టలు గదిలో సగం ఉంటుంది. సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్న మా వాడు టిక్కెట్లు చేతిలో పెట్టి, “ముప్ఫయ్యేళ్ళు హిమానీనదం పాఠం చెప్పావు కదా నాన్నా, ఒక్కసారి దాన్ని చూసిరా” అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాట కాస్త గుచ్చుకుంది!

అలాస్కా రాజధాని జూనోలో ఎక్కాం. ఆ ఊరికి బయటినుంచి రోడ్డు లేదు. విమానమో, ఓడో ఎక్కవలసిందే. అక్కడినుంచి పడమరగా గ్లేసియర్ బే అనే అఖాతానికి ప్రయాణం.

ఫియోర్డు అంటే ఏమిటో భూగర్భశాస్త్రం చదివిన మిత్రులకు చెప్పనక్కరలేదు. మంచు తన బరువుతో లోయను యు ఆకారంలో తొలుస్తుంది. మంచు వెనక్కి తగ్గాక ఆ లోయలోకి సముద్రం వచ్చి కూర్చుంటుంది. బల్లమీద సుద్దముక్కతో రెండు గీతల పని. అక్కడ మాత్రం ఆ రెండు గీతలూ మెడ నొప్పి పుట్టేంత ఎత్తున లేచి నిలబడ్డాయి. నీళ్ళు నీలంగా లేవు, పాలు కలిపిన ఆకుపచ్చలో ఉన్నాయి. హిమానీనదం తిరగలిలా రాళ్ళను నూరిన పిండి అది.

చిన్న ఓడ గొప్ప ఏమిటంటే, దానిమీద నుంచి చిన్న పడవల్లోకి దిగొచ్చు. ఒక పక్క పాయలో మమ్మల్ని కయాక్ అనే ఇద్దరు మనుషుల పడవలో దించారు. చుట్టూ మంచుగడ్డలు తేలుతున్నాయి. తెడ్లు ఆపగానే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు! ఎన్నో ఏళ్ళనాడు మంచులో చిక్కుకున్న గాలిబుడగలు, గడ్డ కరుగుతుంటే పగిలి బయటపడే శబ్దమట. ఏ పాఠ్యగ్రంథంలోనూ నాకు తగలని సంగతి. “ఇంత చలిలో పోపెవరు పెట్టారండీ!” అంది మా ఆవిడ.

మర్నాడు మార్జరీ హిమానీనదం ముందు ఓడ ఇంజను ఆపేశారు. ఇరవయ్యొక్క మైళ్ళ పొడవున కొండల్లోంచి దిగివచ్చి, మైలు వెడల్పున సముద్రం ఒడ్డున గోడలా ఆగిపోయింది. చూస్తుండగానే ఒక ముక్క జారిపడింది. పడటం ముందు కనిపించింది, ఉరుము తరువాత వినిపించింది. అక్కడి ఆదివాసులు త్లింగిత్ జాతివారు దీన్ని తెల్ల ఉరుము అంటారు.

ఇక చరిత్ర. 1794లో వాంకోవర్ దళంవారు వచ్చినప్పుడు ఈ అఖాతం ఐదు మైళ్ళ గుంట మాత్రమే, తక్కినదంతా మంచు. 1879లో జాన్ మ్యూర్ వచ్చేసరికి మంచు నలభై మైళ్ళకు పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు అరవైఐదు మైళ్ళు. ఈ లెక్క వినగానే ఓడలో అందరూ వాతావరణం వేడెక్కడం గురించి మొదలుపెట్టారు. ఇక్కడ కాస్త నిదానం అవసరం. ఇందులో పెద్ద భాగం బొగ్గుపొగ ముదరకముందే జరిగిపోయింది. సముద్రాన్ని తాకే హిమానీనదాలకు ముందుకు రావడం, వెనక్కి పోవడం అనే సొంత నడక ఒకటుంది. అలాగని మనకు సంబంధం లేదనుకోవడానికీ వీల్లేదు. అలాస్కాలో ఎక్కువ హిమానీనదాలు ఇప్పుడు చిక్కిపోతున్నది వేడికే. మేమెక్కిన ఓడా డీజిలు తాగేదే.

1794కు ముందు సంగతి పుస్తకాల్లో ఎందుకు తక్కువ? చూసి రాసుకోవడానికి తెల్ల నావికుడెవడూ లేడు కాబట్టి. చూసినవాళ్ళు మాత్రం ఉన్నారు. తిరుగు ప్రయాణంలో బార్ట్‌లెట్ కోవ్ దగ్గర ఒడ్డుకు దిగాం. అక్కడ దేవదారు పలకలతో కట్టిన పెద్ద ఇల్లొకటుంది. హూనా త్లింగిత్‌ల ఇల్లు, 2016లో తెరిచారు. ఆ రోజు వాళ్ళు పడవల్లో తెడ్లు వేసుకుంటూ వచ్చారట. లోపల ఒక యువకుడు చెప్పాడు: ఈ అఖాతం ఒకప్పుడు గడ్డి పెరిగిన లోయ, చేపల ఏరు, తమ పెద్దల ఊళ్ళు. మంచు కుక్క పరుగెత్తినంత వేగంగా వచ్చిందట. ఊళ్ళు వదిలి, జలసంధి దాటి హూనాలో స్థిరపడ్డారు. పద్ధెనిమిదో శతాబ్దంలో మంచు ముందుకు దూకిందని శాస్త్రజ్ఞులూ ఇప్పుడు అంటున్నారు. కుక్క సంగతి ఏమోగాని, ఊరి సంగతి నిజం.

మంచు పోయాక తిరిగి వద్దామంటే 1925 నుంచి అది ప్రభుత్వ రక్షిత ప్రాంతం. తాతల నాటినుంచి ఏరుకున్న గల్ పక్షుల గుడ్లు ఏరుకోవడమూ నేరమైంది. ఆ గుడ్ల హక్కు కోసం ప్రత్యేకంగా చట్టం కావలసివచ్చింది, అదీ 2014లో!

మా ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా అతని దగ్గరనుంచి కదల్లేదు. ఆమె పుట్టిన ఊరు అప్పటి కర్నూలు జిల్లాలో శ్రీశైలం జలాశయం కింద ఉంది. 1981లో ఖాళీ చేయించారు. “మీకు మంచు, మాకు నీళ్ళు, అని చెప్పండి” అంది నాతో. చెప్పాను.

అతను కాసేపు ఆలోచించి, మంచు బరువు తగ్గాక ఇక్కడి నేల ఏడాదికి అంగుళం పైన లేస్తోందన్నాడు. మా ఊరూ లేస్తుందని చెప్పమంది. ఎండాకాలంలో నీళ్ళు తగ్గితే గుడి గోడలు, ఇళ్ళ పునాదులు కనిపిస్తాయి, వెళ్ళి దీపం పెట్టి వస్తారు.

“ఎన్నాళ్ళు ఉంటుంది?” అని అడిగాడతను.

ఈసారి నేను తర్జుమా చెయ్యవలసిన పని లేకపోయింది. “టిల్ రెయిన్స్” అంది మా ఆవిడ.