నిలవ సీసా

మన ఇళ్ళలో 'నిలవ' అనే మాటకు రెండు ముఖాలున్నాయి. ఆవకాయ నిలవదంటే ఆ ఇంటి ఇల్లాలికి గౌరవం. అన్నం నిలవదంటే ఆ పూట ఇంట్లో తగవు. పాత బియ్యం కావాలని కొట్టువాణ్ణి అడిగి మరీ తెచ్చుకుంటాం. పథ్యానికి పాత చింతపండు, మందులోకి పాత బెల్లం వెతుక్కుంటాం. పాతబడితే దేని విలువ పెరుగుతుందో, దేని విలువ పోతుందో మన ఆడవాళ్ళకు పుస్తకాలు చదవకుండానే తెలుసు.

వైద్యులు దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయారు. నీరసంగా ఉందంటే పెద్దవాళ్ళు రెండు చెంచాలు పట్టించే ద్రాక్షారిష్టం ఎలా తయారవుతుందనుకున్నారు? ద్రాక్ష కషాయంలో బెల్లం, ధాతకీ పువ్వులు, సుగంధ ద్రవ్యాలు వేసి, పాత్ర మూతికి మట్టిగుడ్డ చుట్టి నెలరోజులు కదపకుండా ఉంచుతారు. లోపల పులుస్తుంది. ఆసవాలు పాతబడినకొద్దీ గుణవంతాలవుతాయని శార్ఙ్గధర సంహిత చెబుతున్నది. కాబట్టి పులిసిన ద్రాక్షరసాన్ని దాచుకోవడం ఏదో దొరల వేడుక, మనకు తెలియని విద్య అని ఎవరూ అనుకోనక్కర్లేదు.

దీనికి పూర్తిగా ఎదురు మన కల్లు. తెల్లవారుజామున చెట్టు దించినప్పుడు తియ్యని నీరా. ఎండెక్కేసరికి కల్లు. మర్నాటికి పులుపు తప్ప మరేమీ మిగలదు. హైదరాబాదులో 2004లో మూతపడిన కల్లు దుకాణాలను 2014లో తిరిగి తెరిపించారు గాని, కల్లుకు నిలవగుణాన్ని ఏ ప్రభుత్వమూ తెప్పించలేదు కదా! దాని ఆయుర్దాయం ఒక్క పూట, అంతే.

ఈ రెండింటి మధ్యా మా అక్కయ్య ఇంట్లోకి మూడో సరుకొకటి వచ్చింది. నేను చెప్పదలచుకున్నది దాని సంగతి.

అక్కయ్యా బావగారూ ఉండేది ఎల్.బి. నగర్‌లో. మేము దిల్‌సుఖ్‌నగర్‌లో. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ దాకా మెట్రో రైలు వచ్చాక మా మధ్య దూరం మూడు స్టేషన్లయింది. మధ్యలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, అంతే. ఆ ఏడు దీపావళికి మా మేనల్లుడు పారిస్ నుంచి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక షాంపేన్ సీసా తెచ్చాడు. దళసరి ఆకుపచ్చ గాజు. మెడకు బంగారు కాగితం. చీటీ మీద 2008 అని సంవత్సరం వేసి ఉంది.

"ఇదేమిట్రా, మందా?" అన్నది అక్కయ్య, దేవుడి గది తలుపు వారగా వేస్తూ.

"ద్రాక్షరసమమ్మా. పదేళ్ళ కిందటి పంటది."

"అయితే నిలవ సరుకన్నమాట" అన్నది. అప్పటికి ఆ సీసా మీద కాస్త మర్యాద ఏర్పడింది. "మేడమీద వాటా పూర్తయి, నేను వచ్చేసిన రోజున దీన్ని తీద్దాం" అన్నాడు వాడు. ఆ మాటతో సీసాకు ఇంట్లో శాశ్వత స్థానం దొరికింది. మేడమీద వాటా పూర్తయింది. 'వాడి సీసా వాడి వాటాలోనే' అని అక్కయ్య దాన్ని పాత పట్టుగుడ్డలో చుట్టి, పైగది బీరువాలో పెట్టి తాళం వేసింది. తరువాత కరోనా వచ్చింది. 2022లో వాడు పదిరోజులకు వచ్చి వెళ్ళాడు. వచ్చేసిన రాక కాదు గనుక సీసా తియ్యలేదు.

2023 శరదృతువులో మా ఆవిడా నేనూ పారిస్ వెళ్ళాం. ఒక ఆదివారం మేనల్లుడు మమ్మల్ని రైలెక్కించి ముప్పావుగంటలో రేమ్స్ అనే ఊరికి తీసుకుపోయాడు. అదే షాంపేన్ సీమ. ఆ సీమలో, అక్కడి పద్ధతిలో తయారైనదానికే ఆ పేరు. ఒకప్పుడు ఇళ్ళకోసం సుద్దరాయి తవ్వుకున్న గోతులే అక్కడ నేలమాళిగలు. వాటిని 2015లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. మొదటి ప్రపంచయుద్ధంలో పైన ఫిరంగులు పేలుతుంటే ఊరిజనం ఆ మాళిగల్లోనే కాపురం చేశారట. మెట్లు దిగినకొద్దీ చలి. మా ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకున్నది. వేసవి గాని, శీతకాలం గాని అక్కడ పది పన్నెండు డిగ్రీలే. చీకటి, తేమ, నిశ్శబ్దం. గోడల వెంట వేలకు వేలు సీసాలు పడుకుని ఉన్నాయి.

అక్కడ ద్రాక్ష మన అనాబ్-ఎ-షాహీ వంటిది కాదు. 1890 ప్రాంతంలో హైదరాబాదుకు వచ్చి ఇక్కడి పేరు మోసిన ఆ పండు పెద్దది, పలచటి తోలుది, నోట్లో వేసుకోగానే రసం. తినడానికి రాజావారి పండే గాని దాచడానికి పనికిరాదు. షాంపేన్ ద్రాక్ష చిన్న గింజ. చలిదేశంలో సగం అలిగినట్టు పండుతుంది. పులుపు. ఆ పులుపే దానికి ప్రాణం. ఆవకాయకు ఎలాంటి కాయ ఏరతాం? బాటసింగారానికి తరలిపోకముందు గడ్డిఅన్నారం మార్కెట్లో వేసవి వచ్చిందంటే అక్కయ్య ఒక్కొక్క కాయా నొక్కి, చీల్చి, పులుపు చూసిగాని బేరం చేసేది కాదు. పులుపు లేని కాయ ఏడాది నిలవదు. ఫ్రాన్సులోనూ అదే న్యాయం.

మొదట అందరి ద్రాక్షసారాయి లాగే పీపాల్లో పులియబెడతారు. ఆ తరువాత సీసాల్లో పోసి, లీటరుకు ఇంచుమించు 24 గ్రాముల పంచదార, కొంచెం ఈస్టు కలిపి మూత బిగిస్తారు. సీసాలో అది రెండోసారి పులుస్తుంది. పుట్టిన వాయువుకు బయటికి దారిలేక రసంలోనే కరిగిపోతుంది. అప్పటి ఒత్తిడి కారు చక్రంలోని గాలికి రెండు మూడు రెట్లు. అందుకే అంత దళసరి గాజు. పని పూర్తయిన ఈస్టు చచ్చి అడుగున మడ్డిగా చేరుతుంది. దాన్ని వెంటనే పారబోయరు. ఆ మడ్డి మీద సంవత్సరాల తరబడి ఊరనిస్తారు. మామూలు రకానికి కనీసం 15 నెలలు, సంవత్సరం వేసిన వింటేజికి కనీసం మూడేళ్ళు అని నిబంధన. మంచి మంచి ఇళ్ళవాళ్ళు ఏడెనిమిదేళ్ళు కూడా ఉంచుతారు. మామూలు రకంలో పాత ఏళ్ళ రసాలు కలుపుతారు. పంట బాగా కుదిరిన ఏడు మాత్రం ఆ ఒక్క ఏటి రసాన్నే పోసి, సీసా మీద దాని సంవత్సరం వేస్తారు. 2008 అలాంటి ఏడే.

నన్ను ఆపినది మరొకటి. మడ్డిని మెడలోకి దించడానికి సీసాలను చిల్లులున్న చెక్కల్లో తలకిందుగా వాల్చి, రోజూ ఒక్కొక్క సీసానూ పిసరంత తిప్పుతారు. 1805లో ఇరవై ఏడేళ్ళకే భర్త పోయి, వ్యాపారం నెత్తిన పడిన క్లికో అనే వితంతువు మాళిగలో ఈ పద్ధతి పుట్టిందని చెబుతారు. ఇప్పుడు చాలావరకు యంత్రాలే తిప్పుతున్నాయి. అయినా ఒక మూల ఒక పనివాడు రెండు చేతులా రెండు సీసాలు పట్టి టక్, టక్ మని తిప్పుకుంటూ పోతున్నాడు. దాచడమంటే పెట్టి మరిచిపోవడం అనుకుని వచ్చిన నాకు ఆ చప్పుడు చాలాసేపు చెవిలో ఉండిపోయింది.

పైకి వచ్చాక రెండు గ్లాసులు ముందు పెట్టారు. ఆచమనమంత పుచ్చుకున్నాను, దాచనక్కరలేదు. మొదటిది కొత్తది. పచ్చి యాపిల్ ముక్క మీద నిమ్మకాయ పిండినట్టు ఉంది, బుడగలు చురుక్కుమన్నాయి. రెండోది పదిహేనేళ్ళది. రంగు కాస్త ముదిరి, బుడగలు సన్నబడి, వాసన ఇరానీ బేకరీ ముందు తెల్లవారి నడిచినట్టుంది. దాని వెనక వేయించిన జీడిపప్పు, తేనె. పులుపు మాత్రం కిందినుంచి పట్టుకునే ఉంది. మా ఆవిడ వాసన చూసి, "బాగుంది, కాని ఇంతకోసం పదిహేనేళ్ళా?" అన్నది.

తిరుగు రైల్లో మేనల్లుడు కిటికీలోకి చూస్తూ, "మామయ్యా, ఇక్కడ అప్పుచేసి ఇల్లు కొన్నాను. పిల్లాడి బడి కూడా ఇక్కడే. అమ్మకు ఎలా చెప్పను?" అన్నాడు. నేనేమీ అనలేదు. అది వాడు చెప్పవలసిన మాట.

2024 మే నెలలో ఎల్.బి. నగర్ వెళ్ళినప్పుడు అక్కయ్యను అడిగి పైవాటా తాళం తీయించాను. కిటికీలు బిగించి ఉన్నాయి. పైన స్లాబు తప్ప మరో నీడ లేదు. బయట నలభై దాటింది, లోపల ఇంకా ఎక్కువే ఉంటుంది. బీరువాలో సీసాను ముట్టుకుంటే కాఫీ గ్లాసులా వెచ్చగా ఉంది.

"అక్కయ్యా, ఇది ఇలా ఉంటే పోతుంది" అన్నాను.

"పదిహేనేళ్ళు నిలవున్నది ఇప్పుడు పోతుందేమిట్రా? నిలవుంటే బాగుపడుతుందన్నది వాడేగా?"

అప్పుడు ఆమెకు బాల్టిక్ సముద్రపు కథ చెప్పాను. 2010లో ఫిన్లాండు దగ్గర ఆలండ్ దీవుల పక్కన, ఇంచుమించు యాభై మీటర్ల లోతున మునిగిన ఓడలో 168 షాంపేన్ సీసాలు దొరికాయి. దాదాపు 170 ఏళ్ళనాటివి. ఆ వితంతువు ఇంటి సీసాలు కూడా వాటిలో ఉన్నాయి. రసాయన శాస్త్రజ్ఞులు పరీక్షించి 2015లో ప్రకటించారు. లీటరుకు 140 గ్రాములకు పైగా పంచదార! ఆ కాలపువాళ్ళకు అంత తీపి కావాలి కాబోలు. రుచి చూసినవాళ్ళు మొదట తడిసిన వెంట్రుకల వాసన, జున్ను వాసన అన్నారు. గ్లాసులో తిప్పి గాలి తగలనిచ్చేసరికి పొగ, తోలు, పువ్వుల వాసనలు పైకి వచ్చాయి. అన్నేళ్ళు దాన్ని బతికించింది వయస్సు కాదు. సముద్రం అడుగున చలీ, చీకటీ.

"వేడిలో ఏడాది, చలిలో ఎన్నో ఏళ్ళకు సమానం అక్కయ్యా. నీ ఆవకాయ జాడీని డాబా మీద ఎండలో ఏడాది ఉంచుతావా?"

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. "డిసెంబరులో వస్తున్నాడుగా, అప్పుడు తియ్యండి" అన్నాను.

"అది రావడం కాదురా, చూసిపోవడం" అన్నది. ఆమెకు తెలుసునని నాకప్పుడు అర్థమైంది. ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు.

డిసెంబరులో వాడు భార్యాపిల్లలతో వచ్చాడు. మూడో రోజు సాయంత్రం, ఎవరూ అడగకుండానే, బావగారు మేడెక్కి సీసా దించుకు వచ్చి, ఒక పూట మంచుముక్కల్లో ఉంచి, కొడుకు చేతికిచ్చి, "తియ్యరా, ఇక దాచడమెందుకు" అన్నారు. వాడు తండ్రి ముఖంలోకి చూశాడు. "నాన్నా, నేను..." అన్నాడు. "తెలుసులే. ముందు బిరడా తియ్యి" అన్నారాయన.

బిరడా పెద్దగా పేలలేదు. ముసలివాడు నిట్టూర్చినట్టు చిన్న చప్పుడు చేసి ఊడివచ్చింది. రసం పాత తేనె రంగు. బుడగలు నాలుగైదు దారులుగా మెల్లగా లేచాయి. నేను రేమ్స్‌లో తాగినది కాదిది. ఆ బేకరీ వాసన పోయి ఎండుద్రాక్ష, మాడిన పాకం, కొసకు చింతపండు పులుపు మిగిలాయి. అదే ఏటి పంట. అక్కడి చలిలో ఉన్నది నడివయస్సులో ఉంటే, ఇది ఎల్.బి. నగర్ ఎండలో ముసలితనానికి వచ్చింది.

అక్కయ్య తాగలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు వాసన చూసింది. అందరం ఆమె తీర్పు కోసం చూస్తున్నాం. "చెడిపోలేదురా" అన్నది కొడుకుతో. "ముదిరింది." ఆ తరువాత కోడలి వైపు తిరిగి, మనవడి బడి ఎంత దూరమో, మంచుపడితే ఎలా వెళతాడో అడగడం మొదలుపెట్టింది. ఆరేళ్ళుగా ఫోనులో 'ఎప్పుడు వస్తావు' తప్ప మరొకటి అడగని మనిషి ఆ రాత్రి పదకొండింటిదాకా అక్కడి ఇంటి గదుల లెక్కా, వంటిల్లు ఏ ముఖాన ఉన్నదీ అడుగుతూనే ఉంది. వాడు చెబుతూనే ఉన్నాడు.

సంక్రాంతి వెళ్ళాక మేడమీద వాటాకు 'అద్దెకు ఇవ్వబడును' బోర్డు కట్టారు. పోటీపరీక్షలకు చదువుకునే పిల్లలు నలుగురు చేరారు. కిటికీలు తీసే ఉంటున్నాయి.

మీ ఇంట్లో ఎవరైనా అలాంటి సీసా తెచ్చి ఉంటే, తాగమనీ అనను, వద్దనీ అనను. అది మీ ఇంటి సంగతి. బీరువాలో మాత్రం పెట్టకండి. వేసవి రాకముందే తీసెయ్యండి. కొన్నాళ్ళు ఆగవలసివస్తే ఫ్రిజ్జులో ఉంచండి. సంవత్సరాల తరబడి దాచే చల్లని నేలమాళిగలు మన కాలనీ ఇళ్ళలో లేవు.

సీసాను మాత్రం అక్కయ్య పారెయ్యలేదు. వేణ్ణీళ్ళతో కడిగి ఎండబెట్టింది. దళసరి గాజు, వెలుతురు దూరని రంగు, నూనెకు ఇంతకన్న మంచి సీసా దొరకదన్నది. ఈ ఏడు ఆవకాయకు నువ్వుల నూనె అందులోనే పోసి ఉంచింది. జాడీలో సగం పారిస్‌కు వెళ్ళింది.